మనసు గాయానికి కొలబద్ద
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2016లో పాత మహబూబ్‌నగర్ జిల్లా విడిపోయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరు జిల్లాలైనా, మూడు చోట్లా మాజీ సైనికులు మన ఇరుగుపొరుగునే ఉన్నారు. మిలటరీ నుండి వచ్చి మన ఆఫీసుల్లో రెండో ఉద్యోగం చేసి, మనతోపాటే రిటైరైనవారూ ఉన్నారు.

గుమాస్తాగా నాకు తెలిసినవి కాలములు, శాతాలు. సైనికుని వైకల్యాన్ని మెడికల్ బోర్డు శాతాల్లో నిర్ణయిస్తుంది. దానినిబట్టి పింఛను. మరి "చేయరానిది చేశాను", "ఆపగలిగీ ఆపలేదు", "నమ్మిన పై అధికారే ద్రోహం చేశాడు" అని లోలోపల కుమిలేవానికి ఎంత శాతం వేయాలి?

మా సెక్షన్‌లో పనిచేసిన ఒక మాజీ హవల్దారు పతకాల సంగతి ఎత్తితే మాట మార్చేవారు. ఒకనాడు మాత్రం, "నా డిశ్చార్జి బుక్కులో అన్నీ ఉన్నాయండీ, ఆ ఒక్క రాత్రి తప్ప" అన్నారు.

వియత్నాం యుద్ధం చేసివచ్చిన అమెరికా సైనికులకు వైద్యం చేసిన డాక్టర్ జోనాథన్ షే 1990లలో ఇటువంటిదానిని నైతిక గాయం అన్నారు. భయం వల్ల వచ్చే జబ్బు "నాకేమవుతుందో" అంటుంది. ఈ గాయం "నేనెటువంటివాణ్ణి" అని అడుగుతుంది.

దీనిని కొలవడానికి 2013లో 9 వాక్యాల పట్టిక ఒకటి వచ్చింది. అది జరిగిన సంఘటననూ, దాని వల్ల కలిగిన బాధనూ కలిపి అడుగుతుందని విమర్శ వచ్చింది. ఒకే పని చేసిన ఇద్దరికి ఒకే బాధ ఉండదు గదా! 2022లో బ్రెట్ లిట్జ్ బృందం బాధను మాత్రమే కొలిచే 14 వాక్యాల పట్టిక ప్రకటించింది. సిగ్గుకు 7, నమ్మకం చెడినందుకు 7. ఒక్కొక్కదానికి 0 నుండి 4 మార్కులు, మొత్తం 56.

మన భారతంలోనూ ఒక కొలత ఉంది. ద్రోణునితో సగం నిజం పలికిన ధర్మరాజు రథం, అంతవరకు నాలుగంగుళాలు పైన నడిచినది, నేలకు దిగింది. యుద్ధం గెలిచినా ఆయన రాజ్యం వద్దన్నాడు. శాంతిపర్వంలో భీష్ముడు ఆయనకు ఎంత ఓపికగా చెప్పవలసి వచ్చిందో మీకు తెలుసు.

ఆ పట్టికలు ఇంగ్లీషులో పుట్టాయి. మనవాడు సిగ్గు అనడు, "పాపం చుట్టుకుంది" అంటాడు. లేదా ఏమీ అనడు. మార్కులు వేయాలన్నా ముందు అతడు నోరు విప్పాలి.

కనుక కుటుంబ సభ్యులకు నా మనవి. "ఎంతమందిని చంపావు తాతా" అని పిల్లలచేత అడిగించకండి. చెప్పినప్పుడు "అయిందేదో అయింది" అని కొట్టివేయకండి, చివరిదాకా వినండి. నిద్ర, తిండి మానినా, బ్రతుకు వద్దన్నా ఆలస్యం చేయక డాక్టరుకు చూపండి. ప్రభుత్వ టెలీ మానస్ నెంబరు 14416, ఫోను ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.