ప్రభుత్వం ఏ భాషలో వింటుంది?

(మైనారిటీల భాషా హక్కులపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



2025 మార్చి 1న అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఒక కార్యనిర్వాహక ఉత్తర్వు ద్వారా ఇంగ్లీషును ఆ దేశపు అధికార భాషగా ప్రకటించారు. అంతవరకు ఫెడరల్ స్థాయిలో అమెరికాకు అధికార భాష అంటూ లేదు. ముప్పైకి పైగా రాష్ట్రాలు మాత్రం తమ పరిధిలో అటువంటి నిర్ణయాలు చేసుకున్నాయి. ఈ వార్త విన్న మిత్రులు కొందరు, "అక్కడ పాలన నడిచేది ఇంగ్లీషులోనే కదా, ఇందులో కొత్తేముంది?" అని నన్నడిగారు. ఆ ఉత్తర్వు దేనిని ప్రకటించిందో చూస్తే కొత్తేమీ కనబడదు. దేనిని రద్దు చేసిందో చూడాలి.

2000 ఆగస్టు 11న క్లింటన్ జారీ చేసిన 13166వ ఉత్తర్వు, ఇంగ్లీషు అంతగా రానివారికి కూడా ప్రభుత్వ సేవలు అందేలా ఏర్పాట్లు చేయాలని ఫెడరల్ శాఖలను ఆదేశించింది. ఫెడరల్ నిధులు పొందే సంస్థలకు కూడా తగిన మార్గదర్శకాలు ఇవ్వమన్నది. అనువాద పత్రాలకు, దుబాసీలకు అది పెద్ద అండ. కొత్త ఉత్తర్వు ఆ అండను తొలగించింది. ఇతర భాషల్లో సేవలు ఆపివేయమని అది చెప్పలేదు. కొనసాగించడమా, మానడమా అన్నది శాఖాధిపతుల విచక్షణకు వదిలింది. నిన్నటి దాకా బాధ్యతగా ఉన్నది నేడు దయగా మారింది. దయ మీద ఎవరూ దావా వేయలేరు.

ఇది ఊహ కాదు. అలబామా రాష్ట్రం 1990లో ఇంగ్లీషును అధికార భాషగా చేసుకున్నది. అంతకు ముందు అక్కడ డ్రైవింగ్ లైసెన్సు రాతపరీక్ష కనీసం 14 భాషల్లో జరిగేది. తర్వాత ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది. బస్సులు అరుదైన ప్రాంతంలో లైసెన్సు లేనివాడు పనికెలా వెళతాడు? శాండోవల్ అనే మహిళ కోర్టుకు వెళ్లింది, కింది కోర్టుల్లో గెలిచింది కూడా. 2001లో సుప్రీంకోర్టు, ఆ విధానం వివక్షా కాదా అన్న ప్రశ్న జోలికే పోకుండా, ఆ నిబంధనల కింద పౌరులు స్వయంగా దావా వేసే హక్కు లేదని 5-4 ఆధిక్యతతో తీర్పు చెప్పింది. హక్కు చచ్చిపోలేదు, దానిని అడిగే దారి మూసుకుపోయింది. 1964 నాటి పౌరహక్కుల చట్టం, ఎన్నికల్లో భాషా మైనారిటీలకు 1975లో కల్పించిన రక్షణ ఇప్పటికీ ఉన్నాయి. అధ్యక్షుడి ఉత్తర్వు చట్టాన్ని రద్దు చేయలేదు. కానీ పిల్లల దగ్గరకు వెళ్లిన మన తల్లిదండ్రులు అక్కడ ఆసుపత్రిలో తమ నొప్పి చెప్పుకోవడానికి చట్టంతోపాటు ఒక మనిషి కూడా కావాలి.

ఇక మన ఇంటి సంగతి. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూకు రాష్ట్రమంతటా రెండవ అధికార భాష హోదా కల్పించారు. సంతోషించాము, మిఠాయిలు పంచుకున్నాము. ఆ తరువాతనే మా ఖాలా వితంతు పింఛను కోసం ఉర్దూలో, ముత్యాల్లాంటి దస్తూరీతో దరఖాస్తు రాసుకుని ఒక రెవెన్యూ కార్యాలయానికి వెళ్లింది. "తెలుగులో రాయించుకుని రా అమ్మా" అన్నాడు గుమస్తా. బయట కూర్చున్న రాతగాడు డబ్బు తీసుకుని రాసిపెట్టాడు. తాను చదవలేని కాగితం కింద ఆమె ఉర్దూలో సంతకం చేసింది. అందులో మా ఖాలూ పేరు తప్పుగా పడింది. దానిని దిద్దించడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఈ మాట చెప్పేటప్పుడు మరొకటి దాచకూడదు. నిజాం రాజ్యంలో పాలన ఉర్దూలో నడిచినప్పుడు, తెలుగు తప్ప మరొకటి రాని రైతు తనకు అర్థం కాని కాగితాల కింద ఇలాగే వేలిముద్ర వేశాడు. పహాణీ, ఖాస్రా, ఫైసల్ పట్టీ అన్న మాటలు నేటికీ అతని మనుమల నోట ఉన్నాయి. నాడు అతనికి జరిగింది అన్యాయమని ఒప్పుకోనివాడికి ఖాలా తరఫున మాట్లాడే నైతికార్హత లేదని నా అభిప్రాయం. పైగా ఉర్దూ అంటే ముస్లిం, ముస్లిం అంటే ఉర్దూ అన్న లెక్క కూడా సరికాదు. మన దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలలో ఎందరికో ఇంటి భాష తెలుగే. భాష మతం కాదని, మహారాష్ట్రలోని పాతూరు పురపాలక కార్యాలయపు ఉర్దూ బోర్డు కేసులో 2025 ఏప్రిల్‌లో మన సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం, కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా పౌరుడు తన ఫిర్యాదును ఏ అధికారికైనా సమర్పించుకోవచ్చు. రాయడానికి హక్కున్నది సరే, చదివేవారేరీ? కనుక కొత్త హోదాలు అడగడం కాసేపు ఆపుదాం. ప్రతి మండల కార్యాలయంలో ఉర్దూ చదవగల ఒక ఉద్యోగి, రెండు భాషల్లో అచ్చయిన దరఖాస్తు ఫారం, దరఖాస్తుదారు చదువుకోగల రసీదు, ఈ మూడింటినే అడుగుదాం. ఆదివాసీ ప్రాంతాల్లో గోండీ, కోయ మాట్లాడేవారికి కూడా ఇదే ఏర్పాటు కావాలని మన వినతిపత్రంలోనే రాద్దాం.

ఆ పత్రాన్ని తెలుగులోనూ ఉర్దూలోనూ సిద్ధం చేద్దాం. కలెక్టరు కార్యాలయంలో ముందుగా ఉర్దూ ప్రతినే అందించి, దానిని ఎవరి బల్ల మీదికి పంపుతారో అక్కడే నిలబడి చూద్దాం.