డబుల్ లాకు
(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఖజానా శాఖలో 31 సంవత్సరాలు పనిచేశాను. స్ట్రాంగ్ రూముకు డబుల్ లాకు ఉంటుందని మీలో చాలామందికి తెలుసు. ఒక తాళంచెవి అధికారి వద్ద, రెండవది ట్రెజరర్ వద్ద. ఇద్దరూ కలిస్తేనే తలుపు తెరుచుకునేది. నా వద్దనున్న తాళంచెవిని బల్లమీద వదిలి టీకి వెళ్ళి ఎరుగను.

అటువంటి నేను రిటైరయ్యాక ఏం చేశానో వినండి. వేసవి సెలవులకు వచ్చిన మా మనవరాలు "తాతయ్యా, నీ ఈమెయిలు పాస్‌వర్డు నేను చెప్పనా?" అంది. మూడో ప్రయత్నంలో తెరిచేసింది! మా ఆవిడ పేరు, పక్కన నేను రిటైరైన సంవత్సరం. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మెయిలు పరాయివాడి చేత పడితే, "పాస్‌వర్డు మరచిపోయాను" అని నొక్కి, దానితో ముడిపడిన ఇతర ఖాతాలకు కూడా కొత్త తాళాలు చేయించుకోగలడు.

దొంగ కూర్చుని ఒక్కొక్కటే టైపు చేయడు, కంప్యూటరు చేత చేయిస్తాడు. అది పేర్లు, పుట్టినరోజులు, 123456 వంటివి ముందు వేసి చూస్తుంది. ఆపైన అక్షరాలు మార్చి మార్చి చూస్తుంది. నాలుగంకెలతో అయ్యే సంఖ్యలు 10,000 మాత్రమే. ఇంగ్లీషు చిన్న అక్షరాలు ఎనిమిదైతే సుమారు 20,882 కోట్ల రకాలు. కంప్యూటరుకు అదీ పెద్ద లెక్క కాదు. అడ్డదిడ్డంగా ఏరిన పన్నెండు అక్షరాలైతే దానికి 4,56,976 రెట్లు! కనుక బలం పొడవులో ఉంది, ఊహకు అందకపోవడంలో ఉంది.

మనకు గుర్తుండే ఉపాయం ఒకటున్నది. ఒకదానికొకటి పొంతన లేని నాలుగైదు మాటలు ఏరి, ఇంగ్లీషు అక్షరాలలో కలిపి రాయండి. తిరగలి, సైకిలు, మిరియాలు, వంతెన, ఇలాగన్నమాట. అంకె, గుర్తు కావాలంటే మధ్యలో చేర్చండి. పాటల పల్లవులు, దేవుళ్ళ పేర్లు వద్దు. నేనిప్పుడు చెప్పినవీ వద్దు!

ఏ ఖాతా తాళం ఆ ఖాతాకే ఉండాలి. మరపు భయముంటే కాగితం మీద రాసి బీరువాలో దాచుకోవడం తప్పు కాదు. ఏటీఎం కార్డు వెనుక రాయడం తప్పు.

ఇక ఫోనుకు వచ్చే ఓటీపీ మన రెండో తాళంచెవి. బ్యాంకు వారమని చెప్పినా సరే, ఫోనులో అడిగినవారికి చెప్పకండి. మోసపోయామనుకుంటే సిగ్గుపడక వెంటనే 1930కి ఫోను చేయండి.

సర్కారు సొమ్మును ఇన్నేళ్ళు కాపాడిన వాళ్ళం, మన సొమ్మును కాపాడుకోలేమా? మనవరాలు దసరాకు వచ్చి మళ్ళీ ప్రయత్నిస్తానంది. ప్రయత్నించనీయండి!

సెలవు.