పాస్‌పోర్టు గడువు - అప్పీలు గడువు

సముద్రతీరపు నెల్లూరు సీమ పల్లెలనుండి బ్రతుకు తెరువుకై కువైటు మొదలగు గల్ఫు దేశములకు పోయినవారు కలరు. అట్టి ఇండ్లలో పాస్‌పోర్టును పొలము దస్తావేజుతోపాటు పెట్టెలో దాచుకొందురు. దాచుకొన్న మాత్రమున చాలదనియు, రెండు గడువులు గుర్తుంచుకొనవలెననియు శ్రోతలకు మనవి చేయుచున్నాము.

మొదటిది పుస్తకము గడువు. పెద్దలకిచ్చు సాధారణ పాస్‌పోర్టు 10 సంవత్సరములు చెల్లును. అయినను పెక్కు దేశములు, తమ రేవులో దిగునాటికి ఇంకను 6 నెలల గడువు మిగిలియుండవలెనని కోరును. కనుక పదేండ్ల పుస్తకమును తొమ్మిదిన్నరయేండ్లదిగా లెక్కించుకొనుట మేలు.

రెండవది అప్పీలు గడువు. ఒకప్పుడు పాస్‌పోర్టు ఇచ్చుటయు మానుటయు ప్రభుత్వము చిత్తముపై నుండెను. విదేశయానము వ్యక్తిస్వాతంత్ర్యములో భాగమని 1967 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయిదుగురిలో ముగ్గురి పక్షమున ఆ తీర్పు వ్రాసినవారు రాజమహేంద్రవరమున జన్మించిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. ఆ యేడే పార్లమెంటు పాస్‌పోర్టుల చట్టము చేసినది.

ఆ చట్టము ప్రకారము పాస్‌పోర్టు నిరాకరించిన అధికారి కారణములు వ్రాసి యుంచవలెను. దరఖాస్తుదారు కోరినచో నకలు ఈయవలెను. దేశభద్రత, ప్రజాహితము వంటి కారణములు చూపి మాత్రమే దానిని ఈయకుండవచ్చును. ఉత్తరువు అందిన 30 దినములలో అప్పీలు చేసికొనవలెను. గడువు దాటినచో తగిన కారణము రుజువు చేయనిదే స్వీకరింపరు. కార్యాలయము తనంతట తక్కువ గడువుకు పాస్‌పోర్టు ఇచ్చినను అప్పీలు కలదు. తామే తక్కువ గడువు కోరుకొన్నవారికి లేదు.

కేంద్రప్రభుత్వమే స్వయముగ చేసిన ఉత్తరువుపై అసలు అప్పీలే లేదు. 1977లో మేనకా గాంధీగారి పాస్‌పోర్టును అప్పగింపుమని ఆజ్ఞాపించిన ప్రభుత్వము, ప్రజాహితము పేరిట కారణము చెప్ప నిరాకరించినది. ఆమె నేరుగ సుప్రీంకోర్టు నాశ్రయించిరి. స్వాతంత్ర్యమును హరించు పద్ధతి న్యాయముగను, సహేతుకముగను ఉండవలెననియు, బాధితుని మాట వినవలెననియు 1978 జనవరి 25న ఆ న్యాయస్థానము తేల్చినది. అప్పీలు లేని చోటను హైకోర్టులో రిట్టు వేయు దారి తెరచియే యున్నది.

అయితే కోర్టు దారి ఖర్చుతోను, కాలయాపనతోను కూడినది. ఆ లోపల దూరదేశపు ఉద్యోగము మరియొకరికి పోవచ్చును. అప్పీలు దారి దగ్గరిది. కనుక కార్యాలయమునుండి జాబు వచ్చిననాడే దానిపై తేదీ వేసి, కవరుతో సహా భద్రపరచి, కారణముల నకలు వ్రాతపూర్వకముగ కోరవలెను. చదువురానివారి ఇంటికి అట్టి జాబు వచ్చినచో, ఇరుగుపొరుగున చదువుకొన్నవారు ఆనాడే చదివి చెప్పుట గొప్ప ఉపకారము. ముప్పది దినములు లెక్కకు ఆనాటినుండియే మొదలగును.