రేకు డబ్బాలో సార్డిన్



మొప్ప ఎత్తి ఎరుపు చూడనిదే చేప కొనని వాళ్లం మనం. అందుకే డబ్బా చేప అనగానే గతిలేనప్పటి తిండి అనుకుంటాం. ఫ్రాన్స్, పోర్చుగల్, స్పెయిన్‌ల అట్లాంటిక్ తీరంలో ఆ మాట అంటే మాత్రం ఎవరూ ఒప్పుకోరు. అక్కడ సార్డిన్ అనే చిన్న చేపను డబ్బాకెక్కించడం రెండు వందల ఏళ్ల పనితనం.

నికొలా అపేర్ ఫ్రాన్సులో మిఠాయిలు చేసి అమ్మేవాడు. ఆహారాన్ని గాజుసీసాలో నింపి, బిరడా బిగించి, మరిగే నీళ్లలో ఉంచితే నెలల తరబడి చెడదని చేసి చూపించాడు. ఫ్రెంచి ప్రభుత్వం 1810లో ఆయనకు 12,000 ఫ్రాంకులు బహుమానంగా ఇచ్చింది. ఎందుకు చెడదో పాశ్చర్ అనే శాస్త్రవేత్త తేల్చి చెప్పడానికి ఇంకా యాభై ఏళ్లు పట్టింది. ఈలోగా సీసా పోయి రేకు డబ్బా వచ్చింది. 1824లో నాంత్ నగరంలో జోసెఫ్ కోలాన్ సార్డిన్ డబ్బాల కర్మాగారం పెట్టాడు.

సార్డిన్ చలికాలంలో గుడ్లు పెట్టి చిక్కిపోతుంది, వేసవి ముదిరేసరికి కొవ్వు పట్టి నిగనిగలాడుతుంది. డబ్బాకు పనికొచ్చేది ఆ కొవ్విన చేపే. తల, పేగులు తీసి ఉప్పునీళ్లలో నానవేస్తారు. తర్వాత పోర్చుగల్‌లో అయితే ఆవిరి మీద ఉడికిస్తారు, ఫ్రాన్సులోని బ్రెటన్ తీరపు పాత పద్ధతిలో అయితే నూనెలో వేయిస్తారు. ఆపైన తోకలు కత్తిరించి, ఒక్కొక్కటిగా చేత్తో డబ్బాలో పేర్చి, నూనె పోసి, మూత బిగించి, మరిగే నీటిని మించిన వేడిలో మళ్లీ ఉడికిస్తారు. పేర్చే పని మొదటినుంచీ ఆడవాళ్లదే. బ్రెటన్ తీరంలోని దువార్నెనే ఊళ్లో ఆ పనివాళ్లు కూలి పెంచమని 1924 నవంబరులో సమ్మె కట్టి, 1925 జనవరిలో గెలిచారు.

ఇక ఎంపిక. డబ్బా వెనకనున్న చిన్న అక్షరాలు చదవండి. చేప, నూనె, ఉప్పు, ఇంతకు మించి పెద్దగా ఏమీ ఉండనక్కర్లేదు. ఆలివ్ నూనెలో ఉన్నదయితే రుచి మేలు. తోలూ ముల్లూ తీసెయ్యనిది కొనండి. డబ్బాలో ఉడికిన వేడికి ఆ ముల్లు మెత్తబడిపోతుంది, వేళ్లతో నలిపితే పిండవుతుంది. కాల్షియం ఎక్కువగా అందులోనే ఉంది. ట్యూనా కూడా డబ్బాలో వస్తుంది గానీ, ఒమేగా-3 కొవ్వుల విషయంలో సార్డిన్‌కు సాటిరాదు. బ్రిటన్‌లో వారానికి ఒకసారి కొవ్వు చేప తినమని చెబుతారు, ట్యూనాను మాత్రం ఆ లెక్కలో వేయరు. పైగా చిన్న చేప కాబట్టి సార్డిన్‌లో పాదరసం తక్కువ. ఉబ్బిన డబ్బా, అంచు నొక్కుకుపోయిన డబ్బా, కారిన డబ్బా ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

బాగున్న డబ్బాకు మాత్రం తొందరేం లేదు. మనం ఆవకాయను ఊరనిచ్చినట్టే, ఫ్రాన్సులో సార్డిన్ ప్రియులు డబ్బాలను ఏళ్ల తరబడి దాచి, ఆర్నెల్లకోసారి తిరగేస్తారు. నూనె అన్ని వైపులా పట్టి, చేప మరింత మెత్తబడుతుంది.

తినడం సులువు. మూత తీస్తే వెండి తోలు మెరుస్తూ కనిపిస్తుంది. కాల్చిన రొట్టె మీద చేప పరిచి, నిమ్మకాయ పిండితే పోర్చుగీసు వాళ్ల భోజనం. మన పద్ధతిలో అయితే ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేయించి, చేపను నూనెతో సహా చివర్లో వేసి ఒక్కసారి కలిపి దించి, వేడన్నంలో కలుపుకోండి. అది ముందే ఉడికిన చేప, పులుసులో వేసి మరిగిస్తే గుజ్జయిపోతుంది. ఉప్పు కూడా రుచి చూశాకే వేయండి. మిగిలింది డబ్బాలోనే వదలకుండా గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లో తినేయండి. గౌట్ ఉన్నవాళ్లు, ఉప్పు తగ్గించాల్సినవాళ్లు డాక్టరును అడిగి తినడం మంచిది.

తాజా చేప దొరికిన రోజు తాజాదే తినండి. దొరకని రోజున మాత్రం డబ్బాను చిన్నచూపు చూడకండి. ఆ చేపను మంచి అదనులో పట్టి, మనకోసమే దాచి ఉంచారు.