లోన్ ఫారంలో ‘ఎందుకు’ అనే గడిలో ఏం రాస్తున్నారు?

ఈ రోజు లోన్ ఫారంలో ఉండే ఒక చిన్న గడి గురించి మాట్లాడుకుందాం. ‘రుణం తీసుకునే ఉద్దేశం’ అని ఉంటుంది చూడండి, అది. మనలో చాలామంది అక్కడ ‘పర్సనల్’ అని రాసేసి సంతకం పెట్టేస్తాం. కొన్నిసార్లు అదీ మనం రాయం, ఏజెంటే నింపేస్తాడు.

మా ఇంట్లో జరిగిందే చెప్తా. 2018లో నేను బీటెక్ ఫైనల్ ఇయర్. ఫీజు, హాస్టల్ కట్టాలి. నాన్న అమ్మ గాజులు, గొలుసు తీసుకుని బ్యాంకుకు వెళ్లారు. ‘మా పిల్లగాడి ఫీజుకు సార్’ అని చెప్పారు. అక్కడున్నాయన, ‘పొలం ఉంది కదా, క్రాప్ లోన్ కింద పెట్టేద్దాం, వడ్డీ తక్కువ పడుద్ది’ అన్నారు. నాన్న పాస్‌బుక్ ఇచ్చారు, చూపించిన చోటల్లా సంతకం పెట్టారు.

ఆ వడ్డీ ఎందుకు తక్కువో ముందు చూద్దాం. కిసాన్ క్రెడిట్ కార్డు మీద మూడు లక్షల వరకు పంట రుణం 7 శాతానికి వస్తుంది. టైముకు కడితే ఇంకో 3 శాతం రాయితీ, అంటే 4 శాతమే పడుతుంది. ఆ తగ్గిన వడ్డీని ప్రభుత్వం భరిస్తుంది. ఇక బ్యాంకులకు, తాము ఇచ్చే రుణాల్లో 18 శాతం వ్యవసాయానికి ఇవ్వాలని ఆర్‌బీఐ టార్గెట్ ఉంది. అందుకే మన అప్పును ‘వ్యవసాయం’ ఖాతాలో చూపిస్తే వాళ్లకూ లాభమే.

మరి ఎక్కడ దెబ్బ తిన్నాం? తర్వాత ఏడాది ఇన్‌స్పెక్షన్‌లో మా ఫైల్ బయటికొచ్చింది. ‘ఏం పంట వేశారు? ఎరువుల బిల్లులు ఏవి?’ అని అడిగారు. ఆ ఏడు మా పొలం కౌలుకు ఇచ్చాం. పత్తి వేసింది కౌలుదారు. నాన్న దగ్గర ఉన్నవి నా కాలేజీ ఫీజు రసీదులే. లోన్‌ను మామూలు గోల్డ్ లోన్‌గా మార్చి, వడ్డీ తేడా మొత్తం వసూలు చేశారు. ఫారం నింపిన సార్ అప్పటికే ట్రాన్స్‌ఫర్ అయి వెళ్లిపోయారు. ఫైల్‌లో మిగిలింది నాన్న సంతకం.

డబ్బు పోయింది సరే. నాకు అసలు బాధ వేరే ఉంది. అదే ఏడు ఆ కౌలుదారు పంట రుణానికి వెళ్తే, ఆ సర్వే నంబరు మీద ఆల్రెడీ లోన్ ఉందని పంపేశారు. ఆయన బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నాడు. నెలకు మూడు, అంటే ఏడాదికి 36. పంట వేసినాయనకు 36 శాతం, నా ఫీజుకు 4 శాతం. ఆ గడిలో ఒక్క మాట తప్పు రాయడం వల్ల.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఒక ఉదాహరణ. కమిట్ మెసేజ్‌లో ఉత్త ‘ఫిక్స్’ అని పెడితే ఆరు నెలల తర్వాత మనకే అర్థం కాదు కదా. ఇదీ అంతే. రేపు మీ ఫైల్ తెరిచే ఆడిటర్‌కు మీరు తెలియదు, మీ మాట వినే అవకాశమూ ఉండదు. ఆయన చదివేది ఆ ఒక్క లైనే.

కాబట్టి మూడు విషయాలు రాయండి: దేనికి, ఎవరికి, ఎంత. ‘చదువు’ అని వదిలేయకుండా ‘కొడుకు బీటెక్ నాలుగో సంవత్సరం ఫీజు 85,000, హాస్టల్ 60,000’ అని రాయండి. రెండు మూడు అవసరాలుంటే విడివిడిగా రాయండి. పెళ్లి ఖర్చు అని రాయడం తప్పు కాదు, ఆసుపత్రి ఖర్చు అని రాయడం నామోషీ కాదు. వ్యవసాయం అని రాసి పెళ్లి చేయడం తప్పు.

తర్వాత రుజువు. వీలైనంత వరకు లోన్ డబ్బు క్యాష్‌గా డ్రా చేయకండి. కాలేజీకో, షాపుకో అకౌంట్ నుంచే నేరుగా పంపండి, స్టేట్‌మెంటే సాక్ష్యం అవుతుంది. రసీదులు, కొటేషన్లు లోన్ తీరేదాకా ఒకే ఫైల్‌లో దాచండి. మధ్యలో అవసరం మారిందా? ఖర్చు పెట్టకముందే బ్రాంచికి లెటర్ ఇచ్చి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఖాళీ ఫారం మీద మాత్రం సంతకం పెట్టొద్దు. శాంక్షన్ లెటర్ కాపీ అడగండి. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ లోన్లకు ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ ఇవ్వడం తప్పనిసరి, అదీ తీసుకోండి.

వ్యాపారాలు చేసే వాళ్లు ఇంకాస్త జాగ్రత్త. 25 లక్షలు, అంతకు మించిన అప్పు కట్టలేకపోయినప్పుడు, డబ్బు చెప్పిన పనికి కాకుండా వేరే దానికి మళ్లించారని తేలితే ‘ఉద్దేశపూర్వక ఎగవేతదారు’ ముద్ర పడొచ్చు. నష్టం వచ్చి కట్టలేకపోవడం వేరు, ఇది వేరు. ఆ తేడా చూపించేది మీ కాగితాలే.

నాన్న ఇప్పుడు బ్యాంకుకు వెళ్తే ఫారం ఫొటో తీసి ముందు నాకు వాట్సాప్ చేస్తారు. మీ ఇంట్లో అమ్మానాన్నలు లోన్ తీసుకుని ఉంటే ఈ రోజే ఒకసారి అడగండి: ‘ఆ గడిలో ఏం రాశారు?’ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.