ఇస్తాంబుల్‌లో ఒక హైదరాబాదు మేష్టారు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పిల్లవాణ్ణి పై దేశం పంపేటప్పుడు మన అమలాపురం, రాజోలు ఇళ్లలో తల్లి అడిగే మాట ఒక్కటే: "అక్కడ మనవాళ్లెవరున్నారు?" జీతం సంగతి ఆ తరువాతే. ఆ తల్లుల కోసం ఒక మేష్టారి సంగతి చెప్పదలచాము.

డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గారు 1908లో హైదరాబాదులో జన్మించారు. ఉర్దూలో బోధన సాగిన ఆనాటి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. (ఉర్దూ మీడియం పిల్లవాడు ఎందుకూ పనికిరాడని మా ముఖం మీదనే అనే తండ్రులు ఈ మాట కొంచెం గమనించాలి.) 1948లో హైదరాబాదు సంస్థానం తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్లిన బృందంలో వారున్నారు. ఇంతలో సంస్థానం భారతదేశంలో కలిసింది. వారు ప్యారిస్‌లోనే ఉండిపోయారు. వేరే దేశపు పౌరసత్వం పుచ్చుకోలేదు.

అలాంటి మనిషిని 1950లలో ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయం అతిథి ఆచార్యులుగా పిలిచింది. ఏటా కొన్ని నెలలు, ఇంచుమించు పాతికేళ్లపాటు అక్కడికి వెళ్లి బోధించారు. అక్కడి ఇస్లామీ పరిశోధన సంస్థకు పెద్ద జకీ వలీదీ తోగన్ గారు. ఆయనా పుట్టిన నేల విడిచినవారే. బష్కీరు జాతి చరిత్రకారులు, సోవియట్ల కాలంలో రష్యా వదలి వచ్చినవారు. గూడు చెదిరినవాడి బాధ అటువంటివాడికే తెలుస్తుంది గదా!

హమీదుల్లా గారు ప్రవక్త జీవితచరిత్రను ఫ్రెంచిలో వ్రాసి 1959లో ప్రకటించారు. దానిని టర్కీ భాషలోకి తెచ్చినవారిలో వారి శిష్యులు సాలిహ్ తూగ్ గారొకరు. చూడండి, ఉర్దూ ఇంటి మనిషి, ఫ్రెంచి పుస్తకం, టర్కీ శిష్యుడు! గురువుగారు 2002లో అమెరికాలో కన్నుమూశారు. ఆ పుస్తకం టర్కీలో నిలిచింది.

వారు టర్కీ భాష నేర్చుకున్నారు. మనకు అది మరీ పరాయిది కాదు. కితాబ్, కలమ్, దునియా, ఇన్సాన్, దోస్త్ అనే మాటలు అక్కడివారూ దాదాపు ఇలాగే పలుకుతారు. అసలు "ఉర్దూ" అన్న మాటే టర్కీ నుండి వచ్చింది, దండు విడిది అని అర్థం. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే కొత్తపేట పిల్లవాడికి మూడో భాష అంటే బెదురెందుకు?

అయితే ఇంట్లో మాట్లాడే ఉర్దూను వ్రాయలేని పిల్లలు ఏటికేడు పెరుగుతున్నారు. ఆదివారం ఉదయం రెండు గంటలు మా దగ్గరకు పంపండి. ఫీజు వద్దు. పలకా బలపం మేమే ఇస్తాము.