ఏరువాక పున్నమి – అదను, పదను



జ్యేష్ఠ శుద్ధ పూర్ణిమను మనము ఏరువాక పున్నమి అంటాము. ఏరు అనగా ఎద్దులను పూన్చి దున్నుటకు సిద్ధపరచిన నాగలి. ఏరువాక అనగా దుక్కికి ఆరంభము. ఆ మాటలో నాగలి ఉన్నది గాని విత్తనము లేదు. ఈనాడు నేను మీతో చెప్పదలచిన విషయమంతా ఈ చిన్న భేదమును గూర్చియే. తొలకరిలో ఈ భేదమును మరచి, పండుగ వెళ్లిన మరునాడే విత్తనము నేలలో వేసి, పది దినములు గడవకముందే మరల విత్తనము కొరకు దుకాణమునకు పరుగెత్తే రైతులు మనలో లేకపోలేదు.

పండుగను కాదనుటకు నేను రాలేదు. రాయలసీమ గ్రామాలలో ఆ దినమున ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడకు గంటలు కట్టి, కాడిని నాగలిని పసుపు కుంకుమలతో పూజిస్తారు. ఊరి వెలుపల గోగునార తోరణము కట్టి, పడుచువారు చెర్నాకోలలతో దానిని కొట్టి, చేతికి చిక్కిన పీచును ఇంటికి తెచ్చి ఎద్దులకు, నాగళ్లకు కట్టుకుంటారు. పొరుగున ఉన్న కన్నడ రైతులు అదే పున్నమిని కార హుణ్ణిమె అని జరుపుకుంటారు. ఇప్పుడు ఎద్దుల జత ఉన్న ఇల్లు అరుదైనది. ట్రాక్టరు ముందర కొబ్బరికాయ కొట్టే ఇండ్లు పెరిగినవి. అందులో తప్పేమియు లేదు. పశువులు ఉన్నవారికి ఒక్క మాట: పండుగ ప్రేమతో పొంగలిని తట్టలకొలది పెట్టకండి. అలవాటు లేని పశువు ఒక్కసారిగా అన్నము ఎక్కువ తింటే కడుపులో పులుపు పెరిగి మేత మానివేస్తుంది, ఒక్కొక్కప్పుడు ప్రాణము మీదికి వస్తుంది. పిడికెడు చాలును.

ఇక అసలు విషయము. పున్నమి చంద్రుని లెక్క, వాన చంద్రుని లెక్క కాదు. చాంద్రమాన సంవత్సరము సౌర సంవత్సరము కన్న సుమారు 11 దినములు తక్కువ. ఆ తేడాను అధిక మాసము వచ్చి సరిచేస్తుంది. అందుచేత ఏరువాక పున్నమి జూన్ మొదటి వారము నుండి జూన్ నెలాఖరు వరకు ఎప్పుడైనను పడవచ్చును. 2023లో జూన్ 4న వచ్చినది. ఆ ఏడు నైరుతి ఋతుపవనము కేరళను తాకినదే జూన్ 8న. అనగా మన పండుగ నాటికి వాన ఇంకను మలయాళ దేశపు తీరమునకు కూడ చేరలేదు. 2025లో అందుకు విరుద్ధము: కేరళలో మే 24నే ఋతుపవనము ప్రవేశించినది, మన పున్నమి జూన్ 11న వచ్చినది. అధిక జ్యేష్ఠము ఉన్న 2026లో ఈ పున్నమి తేదీ జూన్ 29. తేదీ ఇంతగా ఊగే పండుగను పట్టుకొని విత్తనము వేసేవాడు పావలా కాసు ఎగురవేసి బొమ్మా బొరుసా చూచుకొనేవానితో సమానము.

మన పెద్దలకు ఈ సంగతి తెలియక కాదు. కనుకనే సేద్యమునకు తిథులతో పాటు కార్తెలను పెట్టుకున్నారు. కార్తె సూర్యుని లెక్క. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రములో 13 లేక 14 దినములు ఉంటాడు. ఏడాదికి 27 కార్తెలు. మృగశిర ఏటా జూన్ 7, 8 తేదీలలోనే ప్రవేశిస్తుంది, ఆరుద్ర జూన్ 21, 22 తేదీలలో. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుందన్న సామెత ఇటువంటి లెక్కనుండి పుట్టినదే. కార్తెలు కూడ కొద్దికొద్దిగా జరుగుతున్నవి. సుమారు 72 సంవత్సరములకు ఒక దినము చొప్పున వెనుకపడుతున్నవి. పగటిపొద్దు పెరుగుట డిసెంబరు 22 ప్రాంతమున మొదలైనను మనము మకర సంక్రాంతిని జనవరి 14, 15 తేదీలలో చేసుకొనుట ఇందువల్లనే. ఒక రైతు జీవితములో ఈ తేడా ఒక్క దినమే గనుక సేద్యమునకు దానితో చిక్కు లేదు.

అయితే కార్తె చెప్పేది అదను. పదను మాత్రము నేల చెప్పవలెను. ఈ రెండును కలిసిననాడే విత్తుట.

తొలి జల్లు పడినప్పుడు పై మట్టి రెండు మూడు అంగుళాలు తడుస్తుంది. గింజ ఆ తేమను పీల్చి ఉబ్బి మొలకెత్తుతుంది. వేరు క్రిందికి దిగి చూస్తే అక్కడ పొడి మట్టి. నాలుగు ఎండలు కాస్తే పై తడి ఆరిపోయి మొలక మాడిపోతుంది. గింజ మొలవకపోయినా కొంత ఆశ ఉండును. మొలిచి చచ్చిన గింజకు మరొక వాన వచ్చినా ప్రయోజనము లేదు. కనుక వర్షాధారపు ప్రత్తి, కంది వంటి పైర్లకు తేలిక నేలలలో 50 నుండి 60 మిల్లీమీటర్లు, నల్లరేగడి వంటి బరువు నేలలలో 60 నుండి 75 మిల్లీమీటర్లు వాన రెండు మూడు రోజులలో పడిన పిదపనే విత్తవలెను. 75 మిల్లీమీటర్లంటే మూడు అంగుళాలు. పొడి దుక్కిలో ఎదబెట్టే వరి సంగతి వేరు, దానితో దీనిని కలుపకండి. 475 గ్రాముల బీటీ ప్రత్తి ప్యాకెట్టు గరిష్ఠ ధర 2025లో 901 రూపాయలు. రెండవసారి విత్తితే ఆ ఖర్చుతో పాటు కూలి, అదను కూడ పోతవి. సొంత భూమి కలవాడు ఎట్లో తట్టుకుంటాడు. కౌలు ముందే చెల్లించినవానికి అది వడ్డీ అప్పుగా మారుతుంది.

మరి ఎవరికి వారు నేల చూచుకొని విత్తుకుంటే సరిపోదా, ఊరంతా కూడుట ఎందుకు అని మీరు అడుగవచ్చును. ఇక్కడనే పండుగ విలువ ఉన్నది. జొన్నలో మొవ్వు ఈగ ముందు విత్తిన చేలలో పెరిగి, ఆలస్యముగా విత్తిన లేత పైరు మీద పడుతుంది. ఊరంతా ఒకే వారములో విత్తితే అది ఒక్కరి చేను మీద విరుచుకుపడదు. వరిలో ఉల్లికోడు కూడ ఆలస్యపు నాట్లనే ఎక్కువగా పట్టుతుంది. ఒంటరిగా ముందు పండిన చేను పిట్టల పాలగుట మీకు నేను చెప్పనక్కరలేదు. ఈ నష్టములను ఒక్క రైతు తన తెలివితో తప్పించుకోలేడు. మన విస్తరణ కేంద్రములకు ఏరువాక కేంద్రములని పేరు పెట్టుట కూడ ఉచితమే.

కనుక పండుగనాడు పూజ ముగిసిన పిదప గంటసేపు రచ్చబండ వద్ద కూర్చొనండి. స్త్రీలను తప్పక పిలువండి. ఇంటి విత్తనమును కుండలో, గాదెలో కాపాడేది అధికముగా వారే. గత ఏడు ఎవరి చేను ఎందువల్ల ఎండినదో, ఎవరు రెండుసార్లు విత్తినారో దాపరికము లేక చెప్పుకొనండి. ఎగతాళి చేసేవానిని పెద్దలు ఆపవలెను, లేకున్న మరుసటి ఏడు ఎవరును నోరు విప్పరు. విత్తే తేదీని ఆనాడు నిర్ణయించకండి. ఎంత వాన పడితే విత్తవలెనో ఆ కొలతను మాత్రము నిర్ణయించండి.

పండుగకు పది దినములు ముందుగానే ప్రతి ఇంటిలోను విత్తనపు కుప్పనుండి ఏరకుండ 100 గింజలు తీసి, తడి గోనెగుడ్డలో వరుసగా పేర్చి, చుట్టి, నీడలో ఉంచి, గుడ్డ ఆరకుండ నీరు చిలకరించండి. ఆ చుట్టలను రచ్చబండ వద్దనే అందరి ఎదుట విప్పి లెక్కించండి. నూటికి వరి 80, కంది 75, వేరుశనగ 70 కన్న తక్కువ మొలిస్తే ఆ విత్తనము పనికిరాదు. దుకాణపు విత్తనమునకు మందు పట్టించి ఉండును గనుక దానిని తాకిన చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

వాన కొలుచుటకు ఖరీదైన పరికరము అక్కరలేదు. పైనుండి అడుగు వరకు ఒకే వెడల్పు గల నిలువు గోడల డబ్బాను, చెట్లకు మిద్దెలకు దూరముగా, బయలున కదలకుండ పాతండి. ప్రతి ఉదయము ఎనిమిదిన్నరకు అందులోని నీటి లోతును స్కేలుతో కొలిచి, నీటిని పారబోసి, డబ్బాను మరల పెట్టవలెను. ఒక మిల్లీమీటరు లోతు అంటే ఎకరమునకు సుమారు నాలుగు వేల లీటర్ల నీరు. ఈ పనిని బడిలో చదివే పిల్లలకు అప్పగించండి; వారు మనకన్న శ్రద్ధగా చేస్తారు. ఆనాటి అంకెను, రెండు మూడు రోజుల మొత్తమును రచ్చబండ గోడ మీద సుద్దతో వ్రాయించండి. ఆ మొత్తము మీరనుకున్న కొలతకు చేరిన ఉదయము చేనులో గుద్దలితో ఒక జానెడు లోతు త్రవ్వి, అడుగు మట్టిని పిడికిట పట్టి చూడండి. ఉండ కట్టితే గొర్రు కట్టవచ్చును.